బకెట్టు అడుగున కాసిన టమాటా

2005 తర్వాత ఓ ఐదారేళ్లు అమెరికా ఇళ్ల వసారాల్లో, అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో టమాటా మొక్క కొత్త అవతారం ఎత్తింది. పైన దూలానికి ఓ కొక్కెం, కొక్కేనికి ఓ ప్లాస్టిక్ బకెట్టు, ఆ బకెట్టు అడుగున చేసిన బెజ్జంలోంచి నేలవైపు దిగే మొక్క. వేళ్లు పైన, తల కింద. టీవీల్లో 'టాప్సీ టర్వీ' అనే ఆకుపచ్చ సంచి ప్రకటనలు హోరెత్తాయి. అది కొనడం ఇష్టం లేనివాళ్లు రంగుల డబ్బాతోనో, ఊరగాయ బకెట్టుతోనో, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతోనో సొంతంగా చేసుకున్నారు. దాన్ని కొందరు కొత్త శాస్త్రమన్నారు, కొందరు పిచ్చి అన్నారు. నా ఉద్దేశంలో ఆ రెండూ పొరపాటే. టమాటా పాకాలా, నిలబడాలా, వేలాడాలా అన్నది ఏ కాలంలోనూ టమాటా ఇష్టాన్నిబట్టి జరగలేదు. పండించేవాడికి ఎంత నేల ఉంది, ఎంతమంది కూలీలు దొరుకుతారు, ఎంత ఓపిక ఉంది అన్న లెక్కే ఆ మొక్క రూపాన్ని తీర్చింది. తలకిందుల బకెట్టు ఆ పాత లెక్కలో ఒక అంకె. దాన్ని విడిగా చూస్తే వింతగా ఉంటుంది, టమాటా చరిత్రలో పెట్టి చూస్తే ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

ముందు ఆ బకెట్టు తయారీ చూద్దాం. అమెరికాలో ఎక్కడ పడితే అక్కడ దొరికేది ఐదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్టు, అంటే 18.9 లీటర్లది. రంగులు, గోడలకు పూసే మిశ్రమాలు, హోటళ్లకు వెళ్లే ఊరగాయలు అన్నీ వచ్చేది దాంట్లోనే. దాని అడుగున నడిమధ్యలో రెండంగుళాల బెజ్జం వేస్తారు. జానెడు నారుమొక్క వేరుగడ్డ లోపల ఉండేలా, ఆకులు బయటికి వచ్చేలా ఆ బెజ్జంలో దూరుస్తారు. మట్టి జారిపోకుండా, కాండం నలగకుండా నడిమికి చీలిక పెట్టిన స్పాంజి ముక్కనో నానబెట్టిన కాగితపు మడతనో కాండం చుట్టూ అమరుస్తారు. ఆపైన తేలికపాటి కుండీ మిశ్రమం నింపి, నీళ్లు పోసి, కొక్కేనికి తగిలిస్తారు. బకెట్టు పైభాగం ఖాళీగా ఉంటుంది కనుక అక్కడ తులసి జాతికి చెందిన బేసిల్‌నో మరో ఆకుకూరనో వేసేవాళ్లూ ఉన్నారు. పని అంతే. కష్టం ఎక్కడంటే బరువు దగ్గర. తడిసిన మట్టి, కాయలు కాసిన మొక్క కలిస్తే బకెట్టు ఒక బియ్యం మూట బరువు తూగుతుంది. దాన్ని నెలల తరబడి మోసే దూలం, గాలివానకు ఊడిరాని కొక్కెం కావాలి. మట్టి నేలలో వేసిన మొక్కకు ఊతకర్ర పాతే శ్రమ తప్పిందని సంతోషించినవాళ్లు ఆ శ్రమనంతా ఇక్కడ కొక్కెం బిగించడంలో పెట్టారు.

ఇంతా చేసి తగిలించాక మొక్క ఏం చేసింది? పైకి తిరిగింది. లేత కొన కొన్ని గంటల్లోనే వంకర తిరగడం మొదలుపెట్టి, బకెట్టు పక్కనుంచి ఆకాశం వైపు ఎగబాకుతుంది. కొన్ని వారాల తర్వాత చూస్తే కాండం చేపల గాలంలా వంగి ఉంటుంది. కాయలు బరువెక్కాకే కొమ్మలు కిందికి సాగుతాయి, వాటి చివర్లు మాత్రం అప్పుడూ మీదికే చూస్తుంటాయి. ఇదెందుకో 1806 నుంచీ తెలుసు. ఇంగ్లండ్‌లో హియర్‌ఫర్డ్‌షైర్ ప్రాంతపు తోటమాలి, పరిశోధకుడు థామస్ ఆండ్రూ నైట్ ఆ సంవత్సరం తన తోటలో పారే చిన్న వాగు మీద నీటిచక్రం అమర్చి, దాని అంచుకు చిక్కుడు గింజలు కట్టాడు. చక్రం నిమిషానికి 150 చుట్ల వేగంతో తిరుగుతుంటే గింజలు మొలకెత్తాయి. వేళ్లు చక్రం వెలుపలికి, మొలకలు చక్రం ఇరుసు వైపు పెరిగాయి. మొక్కకు పైకీ కిందికీ తేడా తెలిసేది వెలుతురు వల్ల మాత్రమే కాదు, బరువును లాగే బలం వల్ల కూడా అని అలా రుజువైంది. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ మొక్కల కదలికల మీద రాసిన పుస్తకంతో ఆ చర్చ మరింత లోతుకు వెళ్లింది. కాండంలోని కొన్ని కణాల్లో పిండిరేణువులు అడుగుకు చేరి దిక్కు చెబుతాయనీ, ఆక్సిన్ అనే పెరుగుదల రసం కిందివైపు ఎక్కువగా పోగై ఆ వైపు కణాలను సాగదీయడం వల్ల కొన మీదికి వంగుతుందనీ ఇప్పుడు మనకు తెలుసు.

అలాంటప్పుడు ప్రకటనల్లో చెప్పిన మాట ఒకటి నిలవదు. వేళ్లు పైన ఉంటే నీరు, పోషకాలు భూమ్యాకర్షణ వల్ల నేరుగా కాయల్లోకి జారిపోతాయని, కాబట్టి కాపు పెరుగుతుందని వాళ్లు ఊరించారు. లెక్క వేసి చూడండి. మీటరు ఎత్తు నీటి బరువు కలిగించే ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు. ఎండ కాసే వేళ ఆకులు నీటిని లాగే బలం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ లాగుడు ముందు మీటరు దూరం దిగువకు ఉందా ఎగువకు ఉందా అన్నది లెక్కలోకి రాదు. ఇక ఆకుల్లో తయారైన చక్కెర కాయకు చేరేది వేరే నాళాల్లోంచి, వేరే ఒత్తిడితో. మొక్క తలకిందులైనంత మాత్రాన కాయకు ఒక్క చుక్క రసం ఎక్కువ రాదు. జనం ఆశను ఇలాంటి మాటతో సొమ్ము చేసుకోవడం నాకు నచ్చదు. పైగా ఆ మాట అక్కర్లేదు కూడా. ఆ బకెట్టుకు చెప్పుకోవలసిన నిజమైన కారణాలు వేరే ఉన్నాయి.

దీనికి ఎదురయ్యే మొదటి ఆక్షేపణ సులువుగా ఊహించవచ్చు. మొక్కే పైకి తిరుగుతున్నప్పుడు దాన్ని బలవంతంగా కిందికి వేలాడదీయడం ప్రకృతికి విరుద్ధం కదా అని. ఈ మాట వినడానికి బాగుంటుంది కానీ, నిటారుగా నిలబడిన టమాటా ప్రకృతి సిద్ధమైనదన్న భ్రమ దాని వెనుక ఉంది. టమాటాకు పూర్వజమైన సొలానం పింపినెల్లిఫోలియం పెరూ, ఈక్వెడార్ తీరాల్లో ఇప్పటికీ అడవిగా పెరుగుతుంది. బఠాణీ గింజంత కాయలు, నేల మీదా పొదల మీదా పాకే సన్నని కాండాలు. తన బరువు తాను మోసే చెక్క దానికి లేదు, కాకర తీగలా పట్టుకునే నులితీగలూ లేవు. మనం కుండీలో పెంచే టమాటాలో కూడా ఆ వారసత్వం కనిపిస్తుంది. మొదలు దగ్గర కాండాన్ని పరీక్షగా చూస్తే చర్మం కింద ఆవగింజల్లాంటి బొడిపెలు ఉంటాయి. కాండం తడి నేలను తాకితే అవన్నీ వేళ్లవుతాయి. పడిపోయిన చోటల్లా పాతుకుపోయే మొక్క అది. మెక్సికో వాళ్లు దాన్ని పెద్ద కాయల పంటగా మలిచాక, స్పెయిన్ ఓడల్లో యూరప్ చేరాక, 1544లో ఇటలీలో మత్తియోలి దాని గురించి రాసేనాటికి, ఆ మొక్క సొంత అలవాటు నేల మీద పరుచుకోవడమే. ఊతకర్ర మనిషి పెట్టింది. బకెట్టూ మనిషి పెట్టిందే. ఒకటి సహజం, రెండోది అసహజం అనడానికి ఆధారం లేదు.

ఊతకర్ర ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. నేల పుష్కలంగా ఉండి, పండు కొంత కుళ్లినా ఫరవాలేదనుకునే చోట టమాటాను పాకనిచ్చారు. నేల తక్కువై, పండు అందంగా ఉంటేనే ధర పలికే చోట కర్ర పాతి నిలబెట్టారు. చలిదేశాల గాజు ఇళ్లలో ఈ తర్కం చివరిదాకా వెళ్లింది. అక్కడ ప్రతి చదరపు మీటరునూ వేడి చేయడానికి డబ్బు కావాలి. అందుకే పైన తీగ కట్టి, దాన్నుంచి ఒక దారం జారవిడిచి, టమాటా కాండాన్ని ఆ దారానికి చుట్టి పైకి పెంచుతారు. కొన పైతీగను అందుకోగానే దారం వదులు చేసి కాండాన్ని కిందికి దించుతారు, ఆకులు తీసేసిన మొదలు నేల మీద చుట్టలుగా పడి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఒక్కో కాండం పది మీటర్లు దాటుతుంది. మార్కెట్‌కు వచ్చే డచ్ టమాటాలు చాలావరకు ఇలా దారానికి వేలాడిన మొక్కల కాపే. వేలాడే టమాటాను చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఈ సంగతి గమనించాలి. బకెట్టుకూ గాజు ఇంటికీ తేడా మొదలు పైన ఉందా కింద ఉందా అన్నది మాత్రమే.

కాలిఫోర్నియాలో దీనికి పూర్తిగా ఎదురు దిశలో కథ నడిచింది. ఆ కథకు మూలం మాత్రం ఫ్లోరిడాలో ఉంది, 1914లో అక్కడ ఒక పొలంలో వింత టమాటా మొక్క బయటపడింది. కొంత ఎత్తు పెరిగాక దానంతట అదే ఆగిపోయి, కొమ్మలన్నీ ఒకేసారి పూతకు వచ్చే లక్షణం దానికి ఉంది. ఆ ఒక్క జన్యువు మార్పు పొట్టి, గుబురు టమాటా రకాలెన్నింటికో పునాది అయింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ హానా గట్టి తొక్క, ఒకేసారి పండే గుణం ఉన్న రకాన్ని తయారు చేస్తుంటే, కోబీ లోరెన్‌జెన్ దాన్ని మొదలంటా కోసి కాయలు రాల్చే యంత్రాన్ని తయారు చేశాడు. మెక్సికో కూలీలను ఒప్పందం మీద రప్పించే బ్రసేరో పథకం 1964తో ముగిసింది. కూలీలు రారన్న భయంతో రైతులు యంత్రం వైపు పరుగెత్తారు. 1960ల మొదట్లో నామమాత్రంగా ఉన్న యంత్రపు కోత ఆ దశాబ్దం ముగిసేసరికి కాలిఫోర్నియాలో సాస్‌కు, పేస్టుకు వెళ్లే పంటకంతటికీ పాకింది. కూలీ దొరక్కపోతే మొక్క పొట్టిదైంది, వేడి ఖరీదైతే మొక్క పొడుగైంది. రెండుచోట్లా మార్పు వచ్చింది మనిషి అవసరం వల్లనే. ఆ యంత్రంతో వేలమంది కూలీల జీవనోపాధి పోయిన సంగతీ ఈ చరిత్రలో భాగమే, దాన్ని కేవలం సాంకేతిక విజయంగా చెప్పడం సరికాదు.

తలకిందులుగా కట్టడం కూడా బకెట్టుతో మొదలు కాలేదు. అమెరికా చలి రాష్ట్రాల్లో తోటలు పెంచే కుటుంబాలకు ఒక పాత అలవాటు ఉంది. తొలి మంచు పడబోతుందనగా పచ్చికాయలతో ఉన్న టమాటా మొక్కల్ని వేళ్లతో సహా పీకి, నేలమాళిగలోనో కొట్టంలోనో తలకిందులుగా వేలాడదీస్తారు. వాడుతున్న మొక్కలో మిగిలిన సారంతో కాయలు మెల్లగా రంగు తిరుగుతాయి. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం వాలుల మీద పండే చిన్న టమాటాలను గుత్తులు గుత్తులుగా దారానికి కట్టి గాలి తగిలే చోట వేలాడదీస్తారు. నీరు తక్కువగా దొరికే బూడిదనేలలో పండిన ఆ కాయల తొక్క మందంగా ఉంటుంది, అవి చలికాలం దాటేదాకా నిలుస్తాయి. పియెన్నోలో అని పిలిచే ఈ టమాటాలకు 2009లో యూరప్‌లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ వేలాడింది పండు, ఇక్కడ వేలాడింది మొక్క. నిల్వ చేసే చోటు, కాపాడుకునే కాలం తక్కువైనప్పుడు మనిషి చూరు వైపు చూశాడన్నది రెండింటిలోనూ ఒకటే.

మరి బతికున్న మొక్కను వేలాడదీయాలన్న ఆత్రం సరిగ్గా 2005 తర్వాతి ఆ సంవత్సరాల్లోనే అంతగా ఎందుకు పుట్టింది? 2008 వేసవిలో అమెరికాలో సాల్మొనెల్లా క్రిమి వల్ల 1,400 మందికి పైగా జబ్బుపడ్డారు. ప్రభుత్వం మొదట టమాటాలను అనుమానించి, తినవద్దని హెచ్చరించింది. దోషం మెక్సికో నుంచి వచ్చిన మిరపకాయలదని తర్వాత తేలింది కానీ, ఈలోపు దుకాణపు టమాటా మీద నమ్మకం చెడింది. అసలే పచ్చిగా కోసి, ఇథిలీన్ వాయువుతో ఎర్రబరిచే ఆ కాయల రుచి గురించి జనం విసుగెత్తి ఉన్నారు. అదే ఏడాది ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఇళ్లు జప్తుకు పోయాయి, సొంతింటివాళ్లు అద్దెకు మారారు. 2009లో ఇంట్లో కూరగాయలు పండించాలనుకున్న కుటుంబాలు 4 కోట్ల 30 లక్షలని, అంతకు ముందు ఏడాదికన్నా 19 శాతం ఎక్కువని అమెరికా జాతీయ తోటపెంపకం సంఘం సర్వే చెప్పింది. వాటిలో టమాటా వేసేవాళ్లే అందరికన్నా ఎక్కువ. ఆ మార్చిలోనే వైట్‌హౌస్ పెరట్లో మిషెల్ ఒబామా కూరగాయల తోట కోసం పార పట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కూడా ఇలాంటి ఊపే వచ్చింది, సుమారు 2 కోట్ల 'విక్టరీ గార్డెన్లు' అప్పుడు వెలిశాయి. ఒక తేడా ఉంది. 1943లో జనానికి పెరళ్లు, ఊరి ఉమ్మడి స్థలాలు ఉన్నాయి. 2009లో అద్దె ఫ్లాట్‌లో ఉన్నవాడికి తవ్వుకోవడానికి చారెడు నేల లేదు, ఎండ పడే బాల్కనీ ఉంది, దానికో కమ్మీ ఉంది. నేల లేకుండా కోరిక మాత్రం ఉన్న చోట బకెట్టు గాల్లోకి లేచింది. 2010 నాటికి తమ సంచులు 2 కోట్లు అమ్ముడయ్యాయని టాప్సీ టర్వీ అమ్మే సంస్థ న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పింది. వ్యాపారి మాటను కొంత తగ్గించి తీసుకున్నా, అది చిన్న సంఖ్య కాదు.

ఇదంతా టీవీ మాయ, ఇందులో చరిత్ర వెతకడం అనవసరం అనేవాళ్లున్నారు. సంచి విషయంలో ఆ మాటకు కొంత బలం ఉంది. బకెట్టు విషయంలో లేదు. పారేసిన డబ్బాకు బెజ్జం వేసుకుంటే ఏ సంస్థకూ పైసా రాదు, దాన్ని ఎవరూ ప్రకటించరు. అయినా లక్షణంగా చేసుకున్నారంటే వాళ్లకు దాంట్లో ఏదో ఉపయోగం కనిపించి ఉండాలి. ఉపయోగాలు నిజంగానే ఉన్నాయి. ఫ్యుజేరియం, వెర్టిసిలియం వంటి ఎండు తెగుళ్లు నేలలో ఏళ్ల తరబడి ఉంటాయి. ఒకసారి పట్టిన మడిలో మళ్లీ టమాటా వేస్తే మళ్లీ ఎండుతుంది. బకెట్టులో కొత్త మిశ్రమం వేసుకున్నవాడికి ఆ బెడద తప్పుతుంది. మొదలు కొరికే పురుగులు పైకి రావు, కలుపు తీయాల్సిన పని ఉండదు. అన్నింటికన్నా నా మనసుకు హత్తుకునే ఉపయోగం ఒకటుంది. నడుము వంగని వృద్ధులకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు ఆ మొక్క కళ్లెదురుగా, చేతికందే ఎత్తులో ఉంటుంది. నేలమీది తోట మోకాళ్లు బాగున్నవాళ్ల కోసమే తయారైంది, ఆ సంగతి మనం సాధారణంగా గుర్తించం.

నష్టాలూ అంతే నిజం. నేలలో వేళ్లు తడి వెతుక్కుంటూ పక్కలకూ లోతుకూ పోతాయి. బకెట్టులో వాటికి దారి లేదు. నాలుగు వైపులా ఎండ, గాలి తగిలి మట్టి ఇట్టే ఎండుతుంది. నడివేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోయాలి, పోసిన నీరు కారి కింది ఆకుల మీద పడి తెగులు తెస్తుంది. ఒకరోజు ఎండి, మరుసటిరోజు నానితే కాల్షియం కాయ చివరిదాకా అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది. బకెట్టు నీడ మొక్క మీదే పడి ఎండ తగ్గుతుంది. పైకి వంగే ప్రయత్నంలో బరువైన కొమ్మలు బెజ్జం అంచు దగ్గర నలుగుతాయి. పెద్ద కాయల రకాలు వేసినవాళ్లు చాలామంది నిరాశపడ్డారు, చెర్రీ టమాటా వేసినవాళ్లు కొంత నయం. ఉద్యోగాలు తిరిగి వచ్చి, పెరళ్లున్న ఇళ్లకు మారాక, చాలామంది కొక్కెం నుంచి బకెట్టు దించేశారు. నా వాదానికి ఇది అడ్డు కాదు. నేల దొరికింది, టమాటా నేలకు దిగింది.

తెలుగునేల మీద ఈ లెక్క వేరే దారిలో తేలింది. మనవాళ్లకు కాయను వేలాడదీయడం కొత్త కాదు. బీర, సొర, కాకర, పొట్ల పందిరెక్కి కిందికే కాస్తాయి. పొట్లకాయ మెలి తిరగకుండా చివర చిన్న రాయి కట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది, బరువు ఎటు లాగుతుందో తెలిసి దాన్ని పనిలో పెట్టుకున్న తెలివి అది. కానీ పందిరి కింద మొదలు నేలలోనే ఉంటుంది, కొన ఎక్కాల్సినంత ఎక్కుతుంది, వేలాడేది కాయ మాత్రమే. మొక్క గుణానికి ఎదురు వెళ్లకుండా చోటు కలిసొచ్చేలా చేసిన ఏర్పాటు అది. టమాటా విషయంలో మదనపల్లె చుట్టుపక్కల రైతులు కర్రలు పాతి, వాటికి తీగ లాగి, పురికొసతో కొమ్మల్ని లేపి కడుతున్నారు. వానాకాలంలో కాయ నేలను తాకి కుళ్లకుండా ఉండటానికి, మార్కెట్‌లో మచ్చలేని సరుకుకు ధర రావడానికి ఆ ఖర్చు భరిస్తున్నారు. హైదరాబాద్, విజయవాడ మిద్దె తోటల్లో రంగుల డబ్బాలు, పాత డ్రమ్ములు నిటారుగానే నిలబడ్డాయి. ఎండాకాలం పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత ఎలాగూ రాలుతుంది. నలువైపులా వేడెక్కే వేలాడే బకెట్టులో వేళ్లు కూడా ఉడికిపోతాయి. పైగా ఇక్కడ మిద్దె ఉన్నవాడికి బకెట్టు పెట్టుకునే చదును జాగా ఉంటుంది. కమ్మీకి కట్టాల్సిన అవసరం అపార్ట్‌మెంటు బాల్కనీల్లోనే వస్తుంది, అక్కడ ఎండే కరువు.

కిందికే పెరిగే టమాటా లేకపోలేదు. 'లేజీ-2' అనే జన్యుమార్పు ఉన్న టమాటా మొక్కలు చీకట్లో అన్నింటిలాగే పైకి పెరుగుతాయి, వెలుతురు పడితే మాత్రం తల దించి నేలవైపు పెరుగుతాయి. ఎర్రకాంతిని గుర్తించే ఫైటోక్రోమ్ అనే పదార్థం దీని వెనుక ఉందని అమెరికాలో గేజర్, లోమాక్స్ 1993లో చూపారు. అది ప్రయోగశాల మొక్క, మొక్కలు దిక్కు తెలుసుకునే తీరును అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు పెంచేది. ఇళ్లకు చేరింది వేరే రకం. టంబ్లింగ్ టామ్ వంటి పొట్టి చెర్రీ రకాలకు కొమ్మలు మెత్తగా ఉండి, కుండీ అంచు దాటగానే వాటంతట అవే జారి వేలాడతాయి. వాటికి అడుగున బెజ్జం అక్కర్లేదు. మామూలు వేలాడే బుట్టలో మట్టి వేసి, మొక్కను పైనే నాటి, నీళ్లు పైనుంచే పోస్తారు. వేళ్లు కిందికి, కొన పైకి, కాయలు అంచు మీదుగా పక్కలకు. బాల్కనీలో టమాటా పెంచాలనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా కొనేది ఆ బుట్టనే.